గింజ తీసిన చింతపండు

మా అపార్టుమెంట్ల మధ్య ఉన్న చిన్న హాల్లో ఈ మధ్య పెద్దవాళ్ళ కోసం ఒక కేంద్రం తెరిచారు. టీవీ పెట్టారు, క్యారమ్ బోర్డు తెచ్చారు, పదకొండు గంటలకు చక్కెర లేని టీ ఇస్తారట. "వెళ్ళి కూర్చోండత్తయ్యా, పొద్దు పోతుంది" అని మా కోడలు రోజూ చెబుతుంది. నేను వెళ్ళను. ఉద్యోగంలో చివరి ఏళ్ళన్నీ ఇటువంటి చోట్లకు ముసలివాళ్ళను రమ్మని బతిమాలడంతోనే గడిపినదాన్ని. ఇప్పుడు నన్నొకరు బతిమాలుతుంటే లోపల్లోపల నవ్వొస్తుంది. ఒక్కోసారి కోపమూ వస్తుంది. నాకేం తక్కువని అక్కడికి పోయి కూర్చోవాలి?

ఈ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా నాకొక అవ్వ గుర్తుకొస్తుంది.

మొన్న మా సంక్షేమ శాఖలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు శిక్షణ కోసం తిరుపతికి వచ్చి, ఎవరో చెబితే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "మేడం, మాకిచ్చిన ఊళ్ళో వృద్ధుల పగటి కేంద్రం తెరిచాం. టీవీ ఉంది, ఫ్యాన్లున్నాయి, మధ్యాహ్నం వేడి అన్నం ఉంది. మనుషులే లేరు. ఏం చేయాలో చెప్పండి" అన్నారు. పాపం, వాళ్ళ మొహాలు చూస్తే అచ్చం అప్పటి నా మొహమే. ఏం చేయాలో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అందుకని ఆ అవ్వ సంగతి చెప్పాను. అమ్మాయిలూ, ఆ రోజు మీ బస్సు టైమైపోయి సగంలో లేచారు కదా, మిగతాది కూడా ఇక్కడ రాస్తున్నాను, చదువుకోండి.

మా కేంద్రం కార్వేటినగరం దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో ఉండేది. చుట్టూ మామిడి తోటలు, గట్ల మీద చింతచెట్లు. ఊరి మొదట్లో పాత బడి భవనం ఖాళీగా ఉంటే సున్నం వేయించి, వసారాకు గ్రిల్ పెట్టించి, మా పెద్దసారు చేత రిబ్బన్ కత్తిరింపించాం. పెద్దసారంటే మా జిల్లా అధికారి. గోదావరి వైపు మనిషి, మంచివాడు. మంచి మాటలు కాస్త ఎక్కువ గట్టిగా మాట్లాడేవాడు, అంతే. ఆ రోజు ఊరంతా వచ్చింది. మరుసటి రోజు ఒక్క పిల్లి వచ్చింది. అది కూడా వంటామె వెనకాల వచ్చింది.

వంటామె గురించి చెప్పాలి. ఆమెది తమిళనాడు ఎల్లకు ఆనుకుని ఉన్న ఊరు, ఈ పల్లెకు కోడలై వచ్చింది. కోపం వస్తే తెలుగు, ఇంకా ఎక్కువ కోపం వస్తే అరవం. చారు మాత్రం అద్భుతంగా కాచేది. నేను వారానికి రెండుమూడుసార్లు ఆ ఊరికి పోయేదాన్ని. ఒక్కోసారి ఆ చారు కోసమే పోయానని ఇప్పుడు చెబితే తప్పేం లేదు. వండిన అన్నం ఎవరూ తినకుండా మిగిలిపోతుంటే ఆమె నా మీద విరుచుకుపడేది. "మీరు మనుసుల్ని పిలసకరాండి మేడం, లేకుంటే నన్ను వండొద్దని సెప్పండి. ఒండింది పారబోస్తే సేతులు పడిపోతాయి నాకు" అనేది.

సరే, ఇంటింటికీ తిరిగాను. కాళ్ళు నొప్పి పుట్టేదాకా తిరిగాను. ఎవరింటికి పోయినా మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. కేంద్రం మాట ఎత్తగానే మొహాలు మాడ్చుకున్నారు. ఊరి చివరి వీధిలో ఒక అవ్వ ఉండేది. పొట్టి మనిషి, చెవులకు రాళ్ళ కమ్మలు, చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేంత బక్కచిక్కి ఉంది. ఆమె అయితే నన్ను నిలబెట్టే కడిగేసింది.

"ఏం అమ్మణ్ణీ, నాకు కొడుకు లేడనుకుంటివా? రాయి మాదిరి ఉండాడు. కోడలు బంగారు. నేనుబొయ్యి ఆ సర్కారోళ్ళ ఆకు ముందర కూసుంటే, రేపు నా కొడుకు ఊళ్ళో తలెత్తుకుని తిరగాలా వద్దా?"

"అట్లా ఎవరూ అనుకోరవ్వా" అన్నాను.

"నువ్వు ఈ ఊర్లో ఉంటే గదా, ఎవురేమనుకుంటారో తెలిసేది. నువ్వు మజ్జిగ తాగి జీపెక్కతావు."

కొడుకు సరుకులు మోసే లోడాటో నడుపుతాడు. తెల్లవారకముందే కూరగాయల సంతకు పోతాడు. కోడలు కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీకి పోతుంది. ఇద్దరూ పొద్దుగూకే వేళకు గానీ ఇల్లు చేరరు. పోతూ పోతూ కోడలు సంగటి ముద్ద చేసి, ఊరుబిండి పచ్చడి నూరి మూత పెట్టిపోతుంది. వాళ్ళ తప్పేమీ లేదు, నిజంగానే లేదు. నేను పోయింది మధ్యాహ్నం దాటాక. ఆ మూత అట్లాగే ఉంది. "తినలేదా అవ్వా?" అంటే, "ఒక్కదాన్నే కూసుంటే గొంతు దిగల్యా, రాత్రికి బర్రెకు పెడతాలే" అంది.

ఆ ఊరికి వచ్చే నర్సమ్మ నాతో విడిగా చెప్పింది. జబ్బేమీ లేదట. మనిషి తినడం మానేసింది, ఇట్లాగే పోతే వచ్చే ఎండలకు తట్టుకోలేదు అంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అక్కడ కేంద్రంలో వేడన్నం పిల్లి తింటోంది, ఈ వీధిలో ఈమె ఒంటరిగా కూర్చుని ఆకలి చంపుకుంటోంది. మధ్యలో ఉన్నది నాలుగు వీధులు, ఒక మాట. ఆ మాటను దాటించడం నా వల్ల కాలేదు.

దాటించింది వంటామె, అదీ తెలియక. మాఘం వెళ్ళాక చింతకాయ రాలే రోజులు. వాళ్ళింటి చెట్టుది ఒక బస్తా పండు, గింజ తీయనిది, కేంద్రానికే తెచ్చుకుని వసారాలో పోసుకుంది. వండినదాన్ని తినేవాళ్ళు లేకపోయాక ఆమెకు మాత్రం ఏం పని? బండ మీద పండు పెట్టి, చిన్న సుత్తితో టకటకా కొడుతూ కూర్చుంది. మా ప్రాంతంలో చింతపండు కొట్టే చప్పుడుకు ఒక గుణం ఉంది. ఆ చప్పుడు వినిపించిన చోట దారిన పోయే ఆడవాళ్ళు ఊరికే నిలబడరు. కూర్చుంటారు, మాటలు మొదలుపెడతారు, చేతులు వాటంతటవే ఒక ముద్ద అందుకుంటాయి. ఇది కూలి కాదు, సాయం. ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. సాయానికి కూర్చున్న మనిషిని ఆ పూట అన్నం పెట్టకుండా పంపడం మాత్రం ఎంత పేద ఇంట్లోనూ జరగదు.

అవ్వ మేకకు ఆకు కోసుకుని ఆ దారిన పోతూ ఆగిందట. కూర్చుందట. మధ్యాహ్నమయ్యాక వంటామె మామూలుగా, వాళ్ళింట్లో అయితే ఎట్లా అంటుందో అట్లాగే, "ల్యా అవ్వా, సెయ్యి కడుక్కో, రవ్వంత తినిపో" అందట. అవ్వ లేచి చెయ్యి కడుక్కుని తినేసింది. మళ్ళీ చారు పోయించుకుందట కూడా.

ఈ సంగతి వంటామె నాకు ఫోన్లో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మర్నాడు జీపు వేయించుకుని పోయి చూస్తే వసారాలో అవ్వ ఉంది, ఆమె పక్కన ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి వసారా నిండిపోయింది. ముసలాయనలు కూడా పెంకు తీసే నెపంతో గోడవార చేరారు. వంటామె పండు అయిపోతే ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళ పండు పంపుతున్నారనే అనుకున్నాను. బస్తా ఎప్పుడు వచ్చి గ్రిల్ పక్కన పడేదో, ఎవరు దించిపోయేవారో నేను పట్టించుకోలేదు. ఆ వసారాలో ఎన్ని మాటలు, ఎన్ని తగాదాలు! ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, కరువు ఏడాది ఎవరు ఏం తిన్నారో, అన్నీ అక్కడే బయటికొచ్చాయి. అవ్వ గాజులు ఇంకా జారుతూనే ఉన్నాయి గాని, గొంతు మాత్రం వీధి చివరకు వినిపించేది. నా ఉద్యోగంలో అంత సుఖంగా నేను ఎక్కడా కూర్చోలేదు.

చిక్కల్లా ఒక్కటే. మా నిబంధనల ప్రకారం అది విశ్రాంతి కేంద్రం. పెద్దవాళ్ళ చేత పని చేయించకూడదు. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే, ఎవరూ అన్నం ఎర చూపి వాళ్ళ చేత చాకిరీ చేయించకూడదని. పైగా రోజూ మధ్యాహ్నం ఒక ఫోటో తీసి శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అందుకని ఫోటో వేళకు వంటామె చింతపండు మీద ఒక దుప్పటి కప్పి, దాని మీద క్యారమ్ బోర్డు పెట్టేది. బోర్డు చుట్టూ అవ్వలు బిర్రబిగుసుకుని కూర్చునేవాళ్ళు. కాయిన్లు ఉండేవి కావు, వాటిని ఎప్పుడో పిల్లలు ఎత్తుకుపోయారు. గ్రూపులో అందరూ బొటనవేలు పైకెత్తేవాళ్ళు. ఎవరూ ఫోటో చూసేవాళ్ళు కారని నా నమ్మకం.

ఒక రోజు వంటామె తొందరలో దుప్పటి మరిచిపోయింది. ఫోటో మధ్యలో మా అవ్వ, చెయ్యి పైకెత్తి, చేతిలో సుత్తి. దానికీ వరసగా బొటనవేళ్ళు లేచాయి. పెద్దసారు ఒక్కడే ఫోటో చూశాడు.

మర్నాడు భోజనాలకు కాస్త ముందు ఆయన కారు వసారా ముందు ఆగింది. వెనకే నేను జీపులో. కారు చూసి ఊరు కదిలింది. ఆ రోజు సెలవు కాబోలు, కొడుకులు, కోడళ్ళు కూడా వచ్చి గ్రిల్ బయట నిలబడ్డారు. అవ్వ కొడుకు ఆటోకు ఆనుకుని ఉన్నాడు. లోపల సుత్తులు ఆగిపోయాయి.

"ఇది విశ్రాంతి కేంద్రమా, చింతపండు మండీనా?" అని నన్ను అడిగాడు పెద్దసారు. నేను మొదలుపెట్టేలోపే ఆయన అవ్వల వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, చేతులు జోడించి మాట్లాడాడు. "అమ్మా, మీరు అన్నం కోసం ఈ వయసులో పనిచేయక్కర్లేదు. ఇది మీ హక్కు. మీ కొడుకులు పెట్టినా పెట్టకపోయినా ప్రభుత్వం మీకు పెడుతుంది. ఈ రోజు నుంచి ఎవరూ సుత్తి పట్టొద్దు. హాయిగా కూర్చోండి, తినండి."

ఆ మాటల్లో తప్పేముందో చెప్పమంటే మీరు కూడా చెప్పలేరు. నా చూపు మాత్రం బయటికి పోయింది. కొడుకులు పెట్టినా పెట్టకపోయినా అన్నాడు, గ్రిల్ బయట కొడుకులందరినీ పెట్టుకుని.

అవ్వ సుత్తి కింద పెట్టింది. ఒడిలో గింజలు దులుపుకుని లేచింది.

"నా కొడుకు పెట్టలేదని నీకెవురు సెప్పినారప్పా?" అంది. అరవలేదు. "సింతపండు కొట్టేదానికి వచ్చినాను నేను. వొద్దంటివి గదా, పోతాండా."

ఆమె గ్రిల్ దాటి, కొడుకు మొహం చూడకుండా, వీధి వెంట పోయింది. వెనకాలే ఒక్కొక్కరూ లేచిపోయారు. లోపల ఆకులు వేసున్నాయి, అన్నం మీద ఆవిరి ఇంకా లేస్తోంది. వంటామె గరిటె పట్టుకుని వాకిట్లో నిలబడి పెద్దసారును అరవంలో ఏదో అంది. ఆయనకు అరవం రాకపోవడం మా అందరి అదృష్టం.

ఆ తర్వాత కేంద్రానికి ఎవరూ రాలేదు. నేను అవ్వ ఇంటికి పోతే గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "ఆకల్లేదు అమ్మణ్ణీ, పో" అంది. మూత పెట్టిన గిన్నె మళ్ళీ మూత పెట్టినట్టే. పెద్దసారు ఫోన్ చేసి, "నేను మంచి మాటే కదండీ చెప్పాను?" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వంటామె, నేనూ మాత్రం ఒకరినొకరు తిట్టుకున్నాం. ఆమె దుప్పటి మరిచిందని నేను, నేను ముందే సారుకు చెప్పలేదని ఆమె. ఇద్దరం ఎండలు ముదురుతున్నాయని భయపడుతున్నాం. ఆ మాట మాత్రం ఇద్దరం అనలేదు.

ఇక కేంద్రం మూసేయడమేనని సామాన్లు లెక్క చూసుకోవడానికి నేను పోయిన రోజు, వసారా ముందుకు లోడాటో వచ్చి ఆగింది. అవ్వ కొడుకు. హారన్ వదలకుండా కొట్టాడు. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. అతను దిగి చింతపండు బస్తాలు దించుతూ, నాతో మాట్లాడుతున్నట్టే గాని, ఊరంతటికీ వినిపించేలా అన్నాడు.

"మేడం, మా ఇంటి సింతపండు కొట్టకుండా పడుండాది. మా ఇల్లు సూస్తే ఇరుకు. మీ వసారా నాకు రొన్నాళ్ళు ఇడస్తారా? మా యమ్మే ఇంటికి పెద్ద, దగ్గరుండి కొట్టిచ్చుకుంటాది. సాయానికి వచ్చినోళ్ళకి అన్నం పెట్టాల గదా, ఇందో, కూరగాయలు నేనే తెచ్చినా. ఈ వంటమ్మను రవ్వంత ఒండమని సెప్పండి."

ఆటోలో బుట్టెడు వంకాయలు, ఉర్లగడ్డలు. నేనింకా నిబంధనలు గుర్తు చేసుకుంటున్నాను. వంటామె నాకంటే తెలివైనది, "దానికేమప్పా, వసారా ఏమన్నా అరిగిపోతాదా, దించు దించు" అని గట్టిగా అరిచింది.

బస్తా దించే వంకతో అతను దగ్గరికి వచ్చినప్పుడు మెల్లిగా అడిగాను. "మీ అమ్మ ఇక్కడ తింటోందని నీకు ముందే తెలుసా?"

"ఇన్ని దినాలూ ఈ బస్తాలు ఎవురు దించినారనుకున్నారు మేడం? సంతలో కొనుకొచ్చి, తెల్లారక ముందే ఈడ పెట్టి పోతా ఉంటిని." అతను కళ్ళు ఎత్తలేదు. "మాయమ్మ ఈడికి వచ్చేది మొదలుపెట్టినంక రాత్రిపూట నాతో మాట్లాడతా ఉండె. ఎవురు ఏమన్నారు, ఎవురు అలిగినారు, అంతా సెప్పేది. అంతకుముందు గోడకల్ల తిరిగి పండుకునేది. మళ్ళా నిన్న మొన్న గోడకల్లే తిరిగింది."

"మరి నీకు తెలుసని ఆమెకు తెలుసా?"

"ఏమో మేడం. అడగొద్దండి. మీరు గూడా అడగొద్దండి."

నేను గిరుక్కున తిరిగి లోపలికి పోయాను. నా కళ్ళల్లో నీళ్ళు అతను చూడడం నాకిష్టం లేదు. బయటికి వచ్చేసరికి వీధి మలుపులో అవ్వ వస్తోంది. చేతిలో సొంత సుత్తి. నన్ను చూసి ఆగను కూడా ఆగకుండా, "మా ఇంటి పని పెట్టుకునినాము అమ్మణ్ణీ, నాలుగు దినాలు మీ కరెంటు, మీ నీళ్ళు వాడుకుంటాము, ఏమనుకోవాకు" అంది. ఎంత దర్జా! మధ్యాహ్నం ఆమే దగ్గరుండి అందరినీ పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టింది. నాకు కూడా ఒక ఆకు వేయించింది, చుట్టానికి వేసినట్టు.

సాయంత్రం పెద్దసారుకు ఫోన్లో అంతా చెప్పాను. ఆయన అంతా విని, "నిబంధనల్లో తేలికపాటి వ్యాయామం అని ఉంది కదండీ. వేళ్ళకు వ్యాయామం అనుకుందాం. ఫోటోలో మాత్రం సుత్తి కనబడనివ్వకండి" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

చింతపండు రోజులు ఎంతకాలమని ఉంటాయి? ఎండలు పోయాయి, ఆషాఢం గాలులు మొదలయ్యాయి. నాకు వేరే మండలాల పని పడి కొన్నాళ్ళు ఆ ఊరికి పోలేదు. పండు అయిపోయి ఉంటుంది, వసారా మళ్ళీ పిల్లి పాలై ఉంటుందని దిగులు పడుతూనే జీపు దిగాను.

టకటకా చప్పుడు లేదు. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. వసారా నిండా అవ్వలు, అందరి ఒడుల్లోనూ చింతపండు. వంటామెను పక్కకు పిలిచి, ఇంకా ఎక్కడి పండు ఇది అని అడిగాను. "అదే పండు మేడం. కొట్టేసిందే. మళ్ళా తిరగేసి సూస్తా ఉండారు" అంది, ఏ మాత్రం నవ్వకుండా.

నేను పోయి అవ్వ పక్కన చతికిలబడ్డాను. ఆమె ఒక ముద్ద నా చేతిలో పెట్టింది. నున్నటి నల్లపండు. గింజ లేదు, ఈనె లేదు, ఎన్ని చేతులు మారిందో. నేనూ దాన్ని విడదీసి వెతకడం మొదలుపెట్టాను. చాలాసేపు వెతికాను.

"సరిగ్గా సూడు అమ్మణ్ణీ. ఒగొగటి దాక్కోనుంటాది" అంది అవ్వ. ఆమె వేళ్ళు నిమ్మళంగా కదులుతున్నాయి. గాజులు మోచేతికి జారడం లేదు, మణికట్టు దగ్గరే నిలబడ్డాయి. కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. నా చెయ్యి లాక్కుని, అరచేతిలో ఒక గింజ పెట్టింది. పగిలిన గింజ, సగం ముక్క.

"సూసినావా? నేను సెప్పలా?" అంది. ఆ మొహంలో వెలుగు చూసి వసారా అంతా నవ్వింది.

వంటామె లోపలి నుంచి, "సెయ్యి కడుక్కోండి" అని కేకేసింది. అందరం లేచాం. నేనూ కడుక్కుని అవ్వ పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఊరికే తినలేదు, పని చేసే తిన్నాను.